ఆడపిల్లల బడిలో గుమ్మడికాయలు

నేను పనిచేసేది ఆడపిల్లల హాస్టల్ బడిలో. తిరుపతిలో పుత్తూరు బస్సెక్కి, వడమాలపేట దాటాక దిగి, మామిడి తోటల మధ్య కాస్త నడిస్తే వస్తుంది. పిల్లలూ ఆడవాళ్ళే, టీచర్లూ ఆడవాళ్ళే, వంటకూ కాపలాకూ కూడా ఆడవాళ్ళే. కన్నతండ్రి వచ్చినా గేటు అవతల నిలబడే మాట్లాడాలి. ఈ నియమం మంచిదేనని ఇప్పటికీ అంటాను. కానీ ఇలాంటి బడిలో గుమ్మడి తీగ పెంచకూడదని మాకెవరికీ ముందుగా తట్టలేదు.

ఆ ఏడు ఒక ట్రస్టువాళ్ళు మా పిల్లలకు తిండి గురించి, సేద్యం గురించి నేర్పడానికి డబ్బిస్తామని ఉత్తరం రాశారు. మొదటి ఏడు కంచె, పైపులు, విత్తనాలు. పిల్లలు పండించింది పిల్లలే తింటున్నారని కళ్ళారా చూశాక, రెండో ఏడు నుంచి సేద్యం నేర్పే టీచరుకు జీతం. ఆ టీచరుకు డిగ్రీ అక్కర్లేదు, మట్టి తెలిస్తే చాలు. పెద్దమేడం ఆ ఉత్తరం పైకి చదువుతుంటే, మా వంటక్క చేతిలో గరిటెతో గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"మేడం, ఆ పని నాకిప్పిచ్చు. పదేండ్ల నుంచి పొయ్యి కాడే ఉండాను. ఒక్క దినమన్నా బోర్డు కాడ నిలబడాల. మా పాప సూడాల" అంది నాతో.

వాళ్ళ పాప మా బడిలోనే తొమ్మిదో తరగతి. ఆమెకే ఇప్పించాలని నేనూ గట్టిగా అనుకున్నాను. సైన్సు టీచర్ని కాబట్టి తోట నా నెత్తిన పడింది. నేనేమో తిరుపతి వీధుల్లో పుట్టి పెరిగినదాన్ని. మొదటి రోజే వేరుశనగ చెట్టు చూసి "కాయలు ఇంకా రాలేదే" అన్నాను. పిల్లలు కడుపు పట్టుకుని కూలబడ్డారు. ఆ తర్వాత తోటలో నా పని హాజరు వేయడమే, పాఠం చెప్పేది వంటక్కే.

ట్రస్టు పంపిన క్యారెట్టు, క్యాబేజీ మా ఎండకు మాడిపోయాయి. టమాటాకు ముడత తెగులు వచ్చింది. చివరికి ఎవరూ నాటకుండానే, వంటింటి చెత్త పోసే గుంతలోంచి ఒక గుమ్మడి తీగ లేచింది. కంచె ఎక్కింది, బాత్రూముల మీదికి పాకింది, ముప్పై కాయలు కాసింది. ఒక్కొక్కటీ ఆరో తరగతి పిల్ల ఎత్తలేనంత.

"ఇంకేం, రేపు పులుసు పెట్టు అక్కా" అన్నాను.

"ఎవురన్నా మగోడు మొదట గాటు పెట్టాల మేడం. ఆడోళ్ళు కొడితే ఇంటి మగపిల్లోళ్ళకి మంచిది కాదు."

నాకు ఒళ్ళు మండింది. నీకున్నది కూతురే కదా, నీకేం భయం అన్నాను.

"రేపు అల్లుడొస్తాడు గదా!"

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. తొమ్మిదో తరగతి పిల్లకు ఇంకా పుట్టాడో లేదో తెలియని మొగుడి కోసం ఇక్కడ గుమ్మడికాయ ఆగిపోయింది. మూఢనమ్మకాల మీద అరగంట పాఠం చెప్పాను. అంతా విని, ఆమె కత్తి నా చేతికిచ్చింది.

"అయితే నువ్వు కొట్టు మేడం."

కత్తి ఎత్తాను. ఆ క్షణంలోనే మావాడు బండి మీద కాలేజీకి బయల్దేరి ఉంటాడని గుర్తొచ్చింది. హెల్మెట్ పెట్టుకున్నాడో లేదో. నా ఫోను మోగుతున్నట్టుందని చెప్పి స్టాఫ్‌రూముకు వచ్చేశాను. ఫోను మోగలేదు.

ఆ తర్వాత పొద్దున్నే వచ్చే బస్సు కండక్టరే మాకు దిక్కయ్యాడు. రోడ్డు దాకా కాయ మోసుకెళ్ళి పెడితే దిగి ఒక గాటు పెట్టి, మళ్ళీ ఎక్కి విజిలేసేవాడు. నాలుగో రోజు ప్రయాణికులు గొడవ చేశారు. "నాకు ఉద్యోగం ఉండాలా వద్దా మేడం?" అని అతను బస్సు దిగడం మానేశాడు. మిగిలిన కాయలు వరండాలో వరసగా కూర్చున్నాయి.

ఇంతలో ట్రస్టు ఆఫీసు నుంచి ఎవరో అబ్బాయి ఫోన్ చేసి, గురువారం ఆఫీసరు తనిఖీకి వస్తున్నారని చెప్పాడు. పెద్దమేడం ముఖం వెలిగిపోయింది. ఆఫీసరుకు అనుమతి ఉంది కాబట్టి గేటు లోపలికి రావచ్చు. కాయకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఎర్ర రిబ్బను కట్టి, "ప్రారంభోత్సవం" అని ఆయన చేతికి కత్తి ఇస్తే సరి. ఆయనకు మర్యాద, మనకు గాటు.

గురువారం పదింటికి కారు ఆగింది. నడుపుతున్నావిడే దిగింది. ఆఫీసరు ఆవిడే. వెనక సీట్లోకి తొంగి చూశాను. డ్రైవరన్నా ఉంటాడని ఆశ.

మా ముఖాలు చూసి ఆవిడ కంగారుపడింది. "ఏమైనా ఇబ్బందా?"

"ఏం లేదు మేడం!" అని అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అన్నది నేనే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

ఆవిడకు రిబ్బను కట్టిన కాయ తెగ నచ్చింది. వంటింటి అరుగు మీద కత్తి తనే అందుకుంది. పెద్దమేడం కళ్ళు మూసుకుంది. నేను ఒక్క మాట అంటే చాలు, పిల్లలకు మూఢనమ్మకాలు నేర్పే బడి అని రాసుకుని పోతుంది. రెండో ఏడు డబ్బూ పోతుంది, వంటక్క ఉద్యోగమూ పోతుంది.

అప్పుడు వంటక్కే అడిగింది. "మేడం, మీకు మగబిడ్డలుండారా?"

"ఇద్దరు" అంది ఆవిడ నవ్వుతూ, కత్తి ఎత్తుతూ.

"వద్దు మేడం!" అని వంటక్క కత్తి కింద నుంచి కాయను లాగేసి గుండెకు హత్తుకుంది. రెండడుగులు వెనక్కి వేసింది. కాయ జారింది. అరుగు కిందున్న బండ మీద పడి, నాలుగు చెక్కలైంది, గింజలు ఆఫీసరమ్మ చెప్పుల దాకా చిందాయి.

వంటక్క కిందికి చూసింది, పైకి చూసింది.

"నేను కొట్టలేదు" అంది నిదానంగా. "అదే పడింది."

ఒక్క క్షణం పట్టింది మాకు అర్థం కావడానికి. ఆ తర్వాత ఆడపిల్లలను ఆపడం ఎవరి తరమూ కాలేదు. వరండాలోని కాయలు ఇద్దరిద్దరు మోసుకొచ్చి, "అయ్యో జారిపోయింది మేడం" అంటూ వరసగా పడేశారు. పెద్దమేడం కూడా ఒకటి జార్చింది.

ఆఫీసరమ్మ సంగతంతా అడిగి తెలుసుకుంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, వంటక్కను అడిగింది. "నన్ను కోయనిస్తే మీకు ఉద్యోగం వచ్చేదిగా? ఎందుకు ఆపారు?"

"ఉద్యోగం పోతే పోనీ మేడం. నీ బిడ్డలు సల్లంగా ఉండాల గదా."

ఆవిడ మరి నవ్వలేదు. చెక్కలు కడిగి పెట్టిన పులుసు, రాగి సంగటి పిల్లలతో పాటు నేల మీద కూర్చుని తింది, రెండోసారి అడిగి వేయించుకుంది. సాయంత్రం నేను ఇంటికి బయల్దేరేటప్పుడు, వరండాలో మిగిలిన ఒకే ఒక్క కాయను నా చేతిలో పెట్టారు పిల్లలు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. సేద్యం టీచరు జీతం మంజూరైంది, పేరు వంటక్కదే. మొదటి పాఠానికి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. బోర్డు మీద ఏం రాయాలో తెలియక ఒక గుమ్మడికాయ బొమ్మ వేసింది. ముందు బెంచీలో వాళ్ళ పాప తల వంచుకుని ఏడుస్తోంది. నేను వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చుని చూశాను. నాకూ ఏడుపొచ్చింది, సిగ్గేం లేదు.

ఆ గురువారం సాయంత్రం సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కాయతో ఇంటికి వచ్చేసరికి మావారు ఊళ్ళో లేరు, మావాడు ఇంకా కాలేజీ నుంచి రాలేదు. కత్తి తీశాను, మళ్ళీ పెట్టేశాను. కాయ ఎత్తుకుని పెరటి మెట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసుకుని, మా టీచరమ్మ నేర్పినట్టే, రెండు చేతులూ వదిలేశాను.