నాన్న ఎడమ కన్ను

ఎనభైల మొదట్లో, అమెరికాలోని నోవై అనే ఊళ్లో మాకది రెండో చలికాలం. ఇండియా నుంచి వచ్చి నెల తిరక్కముందే మా నాన్న ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఫైటర్ విమానం నడిపిన మనిషి, టీవీ ముందు కూర్చోమంటే కూర్చుంటాడా? తనకీ లైసెన్సు కావాలన్నాడు. రెండో క్లాసు చదివే మా పాపని స్కూలుకి తనే తీసుకెళ్తానన్నాడు. పొద్దున్నే ఆఫీసుకి పరుగులు పెట్టేదాన్ని, సరేనన్నాను. కారెక్కే ముందు చుట్టూ తిరిగి ప్రతి టైరూ తట్టి చూసేవాడు. పైలట్ల అలవాటట. ఆ మంచులో నిలబెట్టి నా ప్రాణం తీసేవాడు.

మిగతా పరీక్షలన్నీ అయ్యాక, లైసెన్సు ఆఫీసులో కంటి పరీక్షకి క్యూలో నిలబడ్డాం. నాన్న తన వెనకవాళ్లని ఒక్కొక్కరినీ ముందుకి పంపిస్తున్నాడు. మర్యాద కాబోలనుకున్నాను. తీరా చూస్తే, వాళ్లు గోడమీది అక్షరాలు చదువుతుంటే ఈయన పెదవులు కదులుతున్నాయి. తన వంతు రాగానే కుడికన్ను మూసుకుని ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా క్లర్కు ముందు నోరు విప్పలేదు, అది నా తప్పే.

లైసెన్సు కాగితం పట్టుకుని బయటికొచ్చాక కారు తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. ఇవ్వలేదు.

"నీకు ఎడమ కన్ను కనిపించదు కదూ నాన్నా?"

చిన్నప్పట్నుంచీ మసకేనట. ఎయిర్‌ఫోర్సు సెలెక్షన్‌లోనూ ఇలాగే విని బట్టీ పట్టాడట. నవ్వుతూ చెప్పాడు. దానివల్ల ఎప్పుడూ ఇబ్బంది రాలేదా అని అడిగాను. నవ్వు ఆగిపోయింది.

యుద్ధంలో ఒకరోజు బర్మా మీద నాన్నా, ఆయన స్నేహితుడూ చెరో విమానంలో ఎగురుతున్నారు. స్నేహితుడి విమానం ఎడమవైపు. అటు ఆకాశం కనిపెట్టి ఉండటం నాన్న పని. అటునుంచే వచ్చిన శత్రువిమానం ఈయనకి కనిపించలేదు. స్నేహితుడు తిరిగి రాలేదు. మబ్బులడ్డం వచ్చాయని పైవాళ్లకి చెప్పాడు. ఆ కుర్రాడి తల్లి దగ్గరికి స్వయంగా వెళ్లి అదే చెప్పాడు.

జాలిపడాల్సింది. నాకు మాత్రం ఆయన నడిపే కారు వెనకసీట్లో కూర్చున్న మా పాపే కళ్లముందు మెదిలింది.

"తెలిసి తెలిసీ పాపని ఎలా ఎక్కించుకుంటావు?"

"కనిపించదని ఇప్పుడు ఒప్పుకుంటే, అప్పుడూ తెలిసే విమానం ఎక్కానని ఒప్పుకున్నట్టేగా అమ్మా" అన్నాడు.

చివరికి లైసెన్సు కాగితం నా చేతిలో పెట్టి, తన నోట రావడం లేదని, నన్నే లోపలికెళ్లి చెప్పమన్నాడు. నేను చెప్పనన్నాను. చెయ్యి పట్టుకుని ఆయన్నే తీసుకెళ్లాను. ఎడమ కన్ను కనిపించదని, ఎప్పుడూ కనిపించలేదని, నాన్న ఆ క్లర్కుకి చెప్పాడు.