బర్మా లక్ష్మిని బస్సు దింపబోతే

మాది ఆదిలాబాద్. పోయిన ఏడాది విజయవాడలో పామర్రు బస్సెక్కితే, నా పక్కన ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఒకరు కుట్టుపని చేసే మస్తాన్‌బీ గారు, రెండో ఆమె ఆవిడ ఇంట్లోనే ఉంటున్న లక్ష్మి. వకీలును కలిసి వస్తున్నారట.

లక్ష్మి పుట్టింది బర్మాలో. తాతల నాడే అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లట. ఆమె నాకంటే చక్కటి తెలుగు మాట్లాడుతుంటే వింతగా విన్నాను. అక్కడి సైన్యం భర్తను కాల్చి చంపితే పారిపోయి వచ్చిందట.

ఉయ్యూరు దాటాక పోలీసులు బస్సు ఆపారు. బర్మా మనిషి ఉందని ఎవరో చెప్పారట, పాస్‌పోర్టు లేదని లక్ష్మిని దిగమన్నారు.

"మీ దేశానికి పంపించేస్తాం," అన్నాడు ఎస్సై.

"నేను దిగను బాబూ," అంది లక్ష్మి.

మస్తాన్‌బీ గారు లేచి అడ్డంగా నిలబడ్డారు. "పంపొద్దని కోర్టు స్టే ఇచ్చిందండీ. మా వకీలుతో మాట్లాడండి."

"మీకెందుకమ్మా ఈ గొడవ?"

"మా ఇంటి పిల్లండీ. మొగుణ్ణి చంపినవాళ్ల చేతికి ఎలా అప్పగిస్తాం?"

ఎస్సై ఫోన్లో వకీలుతో మాట్లాడి దిగిపోయాడు. బస్సు కదిలింది.

"మళ్లీ వస్తే?" అని అడిగాను.

"రానివ్వండి," అన్నారు మస్తాన్‌బీ గారు. "ఈసారి మీరూ చూశారుగా. మీ నంబరు చెప్పండి, సాక్ష్యానికి పిలుస్తాం."

చెప్పాను. పిలిస్తే వస్తాననీ చెప్పాను.