కనిపించకుండా పోయిన రేషన్ కార్డు

మాంగో పేటలో మేముండే ఫ్లాట్ల కింద కిరాణా కొట్టు ఉంది. నిన్నటి వానకి తడిసిన గోనె సంచుల్ని కొట్టతను మెట్ల మీద పరిచి ఆరబెట్టాడు. పాల ప్యాకెట్ కోసం దిగిన నాకు ఆ తడి గోనె వాసన, అందులో నానిన చక్కెర తీపి, ఎక్కణ్ణించో కాస్త కిరసనాయిలు ఘాటు ఒక్కసారిగా తగిలాయి. చేతిలో సంచీతో అక్కడే నిలబడిపోయాను. నాకు పదకొండేళ్ళప్పుడు, ఇదే ఊళ్ళో కార్ఖానా పక్కనున్న బర్మామైన్స్‌లో, రేషనిచ్చే మా కంట్రోలు దుకాణం అచ్చం ఇలాగే ఉండేది.

మా సందులో అన్నీ ఒంటిగది ఇళ్ళే. వానాకాలం వస్తే రైలు పట్టాల వైపునుంచి నల్లటి బురద గుమ్మాల దాకా పారేది. ఉతికిన బట్టలు కార్ఖానా పొగ వాసన మోసుకునే ఆరేవి. వాన తెరిపిచ్చిన పూట అమ్మలందరూ వాకిళ్ళలో చతికిలబడి బొగ్గుపొడిలో మట్టీ పేడా కలిపి ఉండలు చుట్టి, గోడ వారన వరసగా పేర్చేవాళ్ళు. మేం ఆ వరసల మధ్యే తొక్కుడుబిళ్ళ ఆడి, కాలితో ఒక ఉండ చిదిపి తిట్లు తినేవాళ్ళం. పొద్దున చోడి అంబలి, సాయంత్రం ఉల్లిపాయతో గోధుమ రొట్టె. పండగొస్తే పెసర బూరెలు. అమ్మానాన్నలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పన్నెండేళ్ళయినా అమ్మకి హిందీ నాలుగు ముక్కలే వచ్చు. తమ్ముడు మాత్రం తెలుగులో అడిగినదానికి హిందీలో జవాబు చెప్పేవాడు.

అమ్మ ఎవర్నీ నమ్మేది కాదు. పాలవాడి గ్లాసు అడుగున సొట్ట ఉందేమోనని వేలు పెట్టి తడిమేది. బొగ్గు బుట్టని ఇంట్లో ఇంకోసారి కొలిచేది. వాయిదాల మీద స్టీలు సామాను ఇచ్చే మనిషి సైకిలు దిగి, నెలకి మూడు రూపాయలే కదా, ఈ బిందె ఉంచుకో బహెన్ అంటే, గుమ్మానికి అడ్డంగా నిలబడి "ఆడికి నామీద అంత పేమేటి?" అని నన్నడిగేది. అలాంటి ఇంట్లోంచే ఒక వానాకాలం రేషన్ కార్డు పోయింది.

ఆఖరుసారి దాన్ని పట్టుకెళ్ళింది నేను. చక్కెర తెచ్చి డబ్బాలో పోసి, కార్డుని గోడ మేకుకున్న గుడ్డసంచీలో పెట్టాను. పెట్టినట్టు నాకు బాగా గుర్తు, ఎందుకంటే సంచీ తాడు తడిసి ముడి ఊడక పంటితో లాగాను. పది రోజుల తరవాత కిరసనాయిలుకని అమ్మ సంచీలో చెయ్యి పెడితే కార్డు లేదు.

ఆ రోజు అమ్మ నన్ను కొట్టింది. మామూలుగా ఒక దెబ్బ వేసి ఊరుకునే మనిషి, ఆ రోజు ఊరుకోలేదు. "ఎక్కడ పారేసినావో సెప్పు గుంటా" అంటూ జడ పట్టుకుని వాకిట్లోకి లాగింది. సందంతా చూసింది. నాన్న గుమ్మం పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను ఏడుస్తూ ఆయన వైపే చూశాను, లేచొచ్చి అడ్డం పడతాడని.

దుకాణంవాడు కార్డు లేందే చక్కెర లేదన్నాడు. కొత్త కార్డు రాయించమని అమ్మ వారం వారం నాన్నతో పోరేది. ఆయన ఒకసారి ఆఫీసు మూసేశారన్నాడు, ఇంకోసారి పోలీసు కాగితం అడిగారన్నాడు. మూడు నెలలు మేం బెల్లం టీ తాగాం. కిరసనాయిలు బయట రెండింతల ధరకి కొన్నాం. ప్రతి పూటా అమ్మ నా మొహం కేసి చూసేది. నేనేమో మా గోడకి ఆనుకుని ఉన్న ఇంట్లోని అప్పలకొండత్తని అనుమానించాను. ఆవిడ టీలోకి చక్కెర ఎక్కణ్ణించి వచ్చిందోనని డబ్బా మూత తీసి చూసి ఆవిడకి దొరికిపోయాను. తమ్ముడి పుస్తకాల సంచీ వాడు నిద్రపోతుండగా దులిపాను. కొన్ని రోజులకి నన్ను నేనే నమ్మడం మానేశాను. నిజంగా సంచీలో పెట్టానా, లేక పెట్టినట్టు అనుకున్నానా అని ఆ తాడు ముడిని మాటిమాటికీ విప్పి కట్టేదాన్ని.

విశ్వకర్మ పూజ రోజు నాన్న పనిచేసే కార్ఖానాలోకి ఆడాళ్ళనీ పిల్లల్నీ రానిచ్చేవాళ్ళు. బంతిపూల దండలు వేసిన యంత్రాలూ, నూనె మరకల మీద చల్లిన పసుపూ కుంకుమా చూసి, కాగితం పొట్లాల్లో బూందీ తింటూ బయటికొచ్చాం. గేటు ఎదుట టీ కొట్టు బల్ల మీద, ఎర్ర దారం చుట్టిన పుస్తకం ఒళ్ళో పెట్టుకున్న మనిషి నాన్నని పేరు పెట్టి పిలిచాడు. నవ్వుతూనే, ఈ నెల ఆలస్యం చెయ్యకు అని హిందీలో అన్నాడు. నాన్న తలూపి గబగబా నడిచాడు.

"ఎవులాడు?" అంది అమ్మ.

"ఎవులో. టీ కొట్టుకాడ కనిపిత్తాడు."

జీతం రోజు నాన్న డబ్బు చేతికిచ్చి, సొసైటీ కటింగు ముప్పై పోయింది అన్నాడు. ఆయన స్నానానికి వెళ్ళగానే అమ్మ ఆయన చొక్కా జేబులోంచి జీతం చీటీ తీసి నా ముందు పెట్టింది. అప్పుడే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటున్నాను, అంకెలు మాత్రం బాగానే వచ్చు. కటింగులన్నీ పోగా అట్టడుగున ఉన్న అంకె చదివాను. అమ్మ చేతిలో ఉన్న డబ్బు దానికి సరిగ్గా ముప్పై తక్కువ.

నాన్న తల తుడుచుకుంటూ వచ్చేసరికి చీటీ చాప మీద ఉంది. ఆయన దాన్ని చూసి, తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. ఎవరూ అరవలేదు. ఆయన చెప్పాడు. ఆయనతో పని చేసే గురవయ్య, తన భార్య ఆస్పత్రి ఖర్చుకని, టీ కొట్టు దగ్గర పిలిచిన ఆ వడ్డీవ్యాపారి మహాజన్ దగ్గర మూడొందలు తీసుకున్నాడు. వందకి నెలకి పది రూపాయల వడ్డీ. నాన్న జామీను నిలబడి, స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద సంతకం పెట్టాడు. వేసవిలో గురవయ్య పని మానేసి ఊరికి వెళ్ళిపోయాడు. మహాజన్ నాన్నని పట్టుకుని, నమ్మకానికి రేషన్ కార్డు తన దగ్గర పెట్టించుకున్నాడు. నాలుగు నెలల్లో నాన్న నూట ఇరవై కట్టాడు. మూడొందలు మూడొందలుగానే ఉన్నాయి.

అమ్మ చీటీని మడిచి ఆయన ముందుకి తోసింది.

"పిల్లని నాను కొడతంటే నువ్వేటి సేత్తన్నావు?"

"బీడీ కాల్చుకుంటన్నాను" అన్నాడు నాన్న.

దసరా ముందర బోనస్ వచ్చింది. ఆ ఏడు ఎవరికీ కొత్త బట్టలు లేవని అమ్మ ముందే చెప్పేసింది. సందు చివర బెంగాలీల దుర్గమ్మ పందిట్లో ఢాకు డోళ్ళు మోగుతుంటే, నాన్ననీ నన్నూ వెంటబెట్టుకుని టీ కొట్టుకి వెళ్ళింది. మూడొందలూ ఆ నెల వడ్డీ ముప్పై కొంగున ముడేసి ఉన్నాయి. మహాజన్ చెయ్యి చాపాడు. అమ్మ బల్ల చివర కూర్చుని, "కాగజ్ లావ్. కార్డ్ లావ్" అంది.

కాగితం ఇంట్లో ఉంది, డబ్బిచ్చి వెళ్ళండి, రేపు మీవాడి చేతికి ఇస్తానన్నాడు. నాన్న "ఇచ్చీయే, పెద్దమనిసి" అని గొణిగాడు. అమ్మ ఆయన వైపు చూడనైనా లేదు. షిఫ్టు దిగి వస్తున్న తెలుగువాళ్ళు ఒక్కొక్కరే ఆగారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తమ కాగితాల సంగతి కూడా అడగడం మొదలుపెట్టారు. అది చూసి మహాజన్ సైకిలెక్కి వెళ్ళాడు. గంటన్నరకి తిరిగొచ్చాడు.

కాగితం మీద పైన అంతా తెల్లగా ఉంది. కింద స్టాంపు మీద నాన్న సంతకం. అమ్మ దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకున్నాక, కార్డు నా చేతికిచ్చి చదవమంది. పేజీలు తిప్పాను. ఆషాఢం నుంచీ ప్రతి నెలా చక్కెర గళ్ళోనూ కిరసనాయిలు గళ్ళోనూ మా కంట్రోలు దుకాణం ముద్ర పడి ఉంది. అంటే, మాకు లేదన్న దుకాణంవాడు, మా కార్డు మీదే మా చక్కెర ఈయనకి పోశాడు. నేను చెబితే అమ్మ వడ్డీ ముప్పై కొంగులోంచి తియ్యకుండా, మూడొందలు మాత్రం బల్ల మీద పెట్టి లేచింది. మహాజన్ ఏదో అనబోయి, చుట్టూ నిలబడ్డవాళ్ళని చూసి, డబ్బు లెక్కపెట్టుకున్నాడు.

కాగితం ఆ సాయంత్రమే బొగ్గుల పొయ్యిలోకి పోయింది. నన్ను కొట్టినందుకు అమ్మ ఏమీ అనలేదు. నేనే ఒకసారి అడిగితే, "నువ్వు పారెయ్యలేదని నాకెలా తెలుత్తాది?" అంది. నిజమే, తెలిసే దారి లేదు. గురవయ్య రెండేళ్ళ తరవాత రెండుసార్లు యాభై చొప్పున మనియార్డరు పంపాడు. ఆ పైన ఉత్తరం కూడా లేదు. మా ఇంట్లో మాత్రం ఆ దసరా తరవాత అప్పు చేసే పద్ధతి మారింది. ఎవరి దగ్గర ఎంత, ఎందుకు, వడ్డీ ఎంత, ఎప్పటికి తీరుతుంది అన్నది భోజనాల దగ్గర పిల్లలముందే చెప్పుకోవాలి. ఒకటి తీరందే ఇంకొకటి లేదు. ఖాళీ కాగితం మీద సంతకం లేదు. ఇంటికి కప్పు వేయించినప్పుడూ, తమ్ముడి ఐటీఐ ఫీజుకీ అలాగే అప్పు చేసి అలాగే తీర్చారు. నాన్న రిటైరయ్యే దాకా ప్రతి జీతం రోజూ చీటీ తెచ్చి, అమ్మకి కాకుండా నాకిచ్చి, "సదువమ్మా" అనేవాడు. నేను పైనుంచి కింద దాకా బిగ్గరగా చదివేదాన్ని. ఆయన తల వంచుకుని వినేవాడు.

ఇప్పుడు బర్మామైన్స్‌లో ఆ సందు లేదు. ఒంటిగది ఇళ్ళు పడగొట్టి గోడ కట్టారు. టీ కొట్టు పోయింది, ఎర్ర దారం పుస్తకాల మనుషులు పోయారు. జీతాలు బ్యాంకులో పడతాయి, అప్పులు ఫోనులో వస్తాయి. ఇచ్చేవాడి మొహం కనిపించదు కాబట్టి ఎదురుగా బల్ల మీద కూర్చోడానికీ వీల్లేదు. ఇన్నేళ్ళ బడిపంతులమ్మ ఉద్యోగంలో నేను ఎవరికీ జామీను నిలబడలేదు. దాంతో స్నేహితులు కొందరు దూరమయ్యారు. చిల్లర చేతిలో వేసినవాడి ముందే లెక్కపెడతాను, పిల్లలు సిగ్గుపడతారు.

నాన్న మంచివాడు. సందులో ఎవర్నడిగినా అదే చెప్పేవారు, నేనూ అదే చెబుతాను. కాని అమ్మ ఆ రోజు చీటీ తియ్యకపోయి ఉంటే ఆయన ఇంకెన్నాళ్ళు ఊరుకునేవాడు అన్నది ఇప్పటికీ నాకు తెలీదు. ఆయన బతికుండగా చాలాసార్లు అడుగుదామనుకున్నాను. ఏ జవాబు చెప్పినా నమ్మనేమోనని భయపడి, అడగలేదు.