సుగుణక్క స్టేజీలు

నిన్న ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కగానే పక్కసీటావిడ చేతిరుమాలు విదిలించి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నీలగిరి తైలం వాసన గుప్పుమంది. ఆ వాసనతో పాటు సుగుణక్క వచ్చి నా ఎదురుగా నిలబడ్డట్టే అయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాల్సినదాన్ని, మూసారాంబాగ్ వచ్చాక గానీ తెలివిలోకి రాలేదు. మళ్ళీ వెనక్కి రైలెక్కి క్లాసుకు ఆలస్యంగా వెళ్ళాను. పిల్లలకు ట్రాఫిక్ అని చెప్పాను. ఇంకేం చెప్పను?

కర్మన్‌ఘాట్ దగ్గర మా కింది వాటాలో ఉండేది సుగుణక్క. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మేము తెనాలి నుంచి వచ్చినవాళ్ళం. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో అకౌంట్స్ చెబుతాను. క్లాసు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. చలికాలం వచ్చిందంటే నాకు జలుబు, జలుబు వచ్చిందంటే ముసుగు. చలిగాలికి బయటికి వెళ్ళావంటే చూడు అని మా అమ్మ తెనాలి నుంచి ఫోన్లో బెదిరించేది. జలుబు దాని దారిన అది పోయేది గానీ, పడుకుని పడుకుని ఒంట్లో సత్తువ కూడా దానితో పాటే పోయేది. తీరా మెట్లెక్కి క్లాసులో నిలబడితే ఆయాసంతో గొంతు పెగిలేది కాదు. డాక్టరుకు చూపిస్తే, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, కదలకపోవడమే మీ జబ్బు అన్నాడు. ఒక ఏడు మా సెంటర్ యజమాని చాలా మర్యాదగా, చలికాలం బ్యాచీలు వేరేవాళ్ళకు ఇస్తే మీకు రెస్టుగా ఉంటుంది కదా మేడం అన్నాడు. ఆ రెస్టు ఎటు దారి తీస్తుందో నాకు తెలుసు. పాఠం చెప్పడం తప్ప నాకు వచ్చిన పని లేదు, ఇష్టమైన పని అంతకన్నా లేదు.

ఆ డిసెంబరు సెలవుల్లో మా రెండు కుటుంబాలూ కలిసి కారు మాట్లాడుకుని శ్రీశైలం వెళ్దామనుకున్నాం. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, సర్దడం అయిందా అక్కా అని అడిగాను. "సర్దయింది టీచరమ్మా. పొద్దుగాల్ల నుంచి నాకు గదే పని" అంది. ఎంత శ్రద్ధ అనుకుని మురిసిపోయి, నేనూ రెండు సూట్‌కేసులు కుక్కి కుక్కి నింపాను. తెల్లారి కారు వచ్చి ఆగింది. సుగుణక్క మఫ్లరు చుట్టుకుని, కళ్ళు ఎర్రగా, ముక్కు ఇంకా ఎర్రగా గేటు దగ్గర నిలబడి ఉంది. సంచీ లేదు, ఏమీ లేదు. "నిన్ననే చెప్తి గద, సర్దయిందని" అంది. ఇక్కడివాళ్ళు జలుబును సర్ది అంటారని నాకు తెలియదా? పదేళ్ళుగా వింటున్నాను. నా బుర్రంతా సూట్‌కేసులో ఉంటే ఇంక చెవికి ఏం ఎక్కుతుంది! పైగా అక్కడే నాకూ వరసగా తుమ్ములు మొదలయ్యాయి. మావారు ఇదే అదనుగా కారు వెనక్కి పంపేసి, మళ్ళీ వెళ్ళి పడుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. శ్రీశైలం ప్రయాణం ఆగిపోయినందుకు కాదు. ఈ సెలవులన్నీ మళ్ళీ దుప్పటి కిందే అని, ఆ తర్వాత మెట్లు, ఆయాసం, యజమాని మర్యాద అన్నీ కళ్ళముందు కనిపించి ఏడుపొచ్చింది. సూట్‌కేసు మీదే కూలబడి ఆ సంగతంతా అక్కకు చెప్పేశాను. ఆవిడ ఓదార్చలేదు. జ్వరముందా అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. లేదు.

"జరముంటే బండి డిపోలనే ఉండాలె. ఇది ఒట్టి సర్దేనాయె. ముక్కు కారితే ముక్కు తుడుచుకో, కాళ్ళేం పాపం జేసినయ్? నడు, గా కిరాణం కొట్టు స్టేజీ దాంక పోదాం. ఆడ దిగాలనిపిస్తే దిగుదువు."

అలా బయలుదేరాం. ఇద్దరికీ చెరో రుమాలు, రెండింటికీ ఆవిడ సీసాలోని నీలగిరి తైలం. కండక్టరు బుద్ధి పోని సుగుణక్కకు దారి అంటే బస్సు ఆగే స్టేజీలే. కిరాణా కొట్టు ఒకటి, ఇస్త్రీ బండి ఒకటి, హనుమంతుడి గుడి వీధి మలుపు ఒకటి. గుడి దాకా వెళ్దాం అని ఏనాడూ అనలేదు. ప్రతి స్టేజీలోనూ ఆగి, దిగుతావా అని నిజంగానే అడిగేది. దిగుతానంటే ఒక్క మాట అనకుండా వెనక్కి తిరిగేది. ఆ మర్యాదకే నాకు దిగబుద్ధయ్యేది కాదు. శ్రీశైలం వెళ్ళి ఉంటే కార్లో కూర్చుని వచ్చేదాన్ని. వెళ్ళకపోవడం వల్ల ఆ సెలవులన్నీ నడిచాను, తుమ్ముతూ, తిట్టుకుంటూ, ఆవిడ బస్సు కబుర్లకు పగలబడి నవ్వుకుంటూ. అమ్మకు మాత్రం చెప్పలేదు.

సెలవులయ్యాక మొదటి క్లాసుకు తనూ వస్తానంది. వద్దన్నా వినలేదు. ఒక్కో అంతస్తునూ ఒక్కో స్టేజీ చేసి నన్ను పైదాకా ఎక్కించి, పిల్లల వెనక చివరి బెంచీ మీద కూర్చుంది. కాస్త ఆయాసం వచ్చింది గానీ మాట ఆగలేదు. గంటసేపు తరుగుదల లెక్కలు చెప్పాను. అందులో ఒక్క ముక్కా ఆవిడకు అర్థమై ఉండదు, అయినా కళ్ళు తిప్పలేదు. క్లాసు అయ్యాక యజమాని వింటుండగానే అంది, "నీ గొంతు ఎనకదాంక మంచిగ ఇనొచ్చింది టీచరమ్మా."

యజమాని మళ్ళీ ఎప్పుడూ రెస్టు మాట ఎత్తలేదు. సుగుణక్క పోయిన వానాకాలంలో గుండెపోటుతో పోయింది. ఆవిడ లేని మొదటి చలికాలం ఇది. నాకు మళ్ళీ జలుబు చేసింది, మళ్ళీ మెట్లెక్కుతున్నాను. చివరి బెంచీలో ఇప్పుడు ఎవరో ఒక పిల్ల ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది. నేను ఆ బెంచీకి వినబడేలాగే పాఠం మొదలుపెడతాను.