గడప దాటని మా కుక్క

మా కుక్కకు ముచ్చటపడి ఒక పేరు పెట్టాను గానీ, ఆ పేరుకు అది ఏనాడూ పలకలేదు. "ఏయ్" అంటేనే చెవులు నిక్కబొడిచేది. పురానాపూల్ దగ్గర బండి కింద పడబోతుంటే ఎత్తుకొచ్చిన పిల్ల అది. ఇంట్లో ఉండేది నేనూ అదీ. నేను బ్లౌజులు కుడతాను. నాది కాలితో తొక్కే మిషను. అది మిషను కింద దూరి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకునేది. ఆ బరువుకు కాలు ఆడక మిషను ఆగిపోయేది. అస్తరు ముక్కలు, చెప్పులు, ఒకసారి కొలతల టేపు సగం నమిలేసింది. "ఒక్క పూటన్న మంచిగుండవే, నీకు దండం పెడ్త" అని రోజూ మొత్తుకునేదాన్ని. దేవుడు నా మొర ఎప్పుడూ విన్న పాపాన పోలేదు, ఇది మాత్రం విన్నాడు.

నిజామాబాద్‌లో అక్కకు మోకాలి ఆపరేషన్ అయింది. వెళ్లక తప్పదు. కుక్కను ఎవరికి అప్పజెప్పాలి? మొఘల్‌పురాలో మా గల్లీ చివర, అందరం ఖాలా అని పిలిచే పెద్దావిడ ఉంటుంది. నేను కుట్టే బ్లౌజులకు మగ్గం వర్క్ చేసేది ఆమే. ముందుగదిలో చెక్క చట్రానికి గుడ్డ బిగించి, పళ్లేల నిండా పూసలు పోసుకుని, నేల మీద కూర్చుని కుడుతుంది. ఆ గదిలోకి మా కుక్క వెళితే కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టే. నేను నసుగుతుంటే ఆమే అంది:

"ఫికర్ చెయ్యకు బేటీ, నేనున్న గద. గానీ పూసలు మింగితే దాని పానం మీదికొస్తది. గడప దాటి లోపలికి మాత్రం రానియ్యను."

నేను వెళ్లిన మర్నాడే ఫోన్ చేసింది. "పొద్దుగాల్నించి గడప కాడ నిలబడి లోపలికి చూస్కుంట ఏడుస్తుంది. నా దిల్ ఒప్పుకుంటలేదు. పూసలన్ని పైన పెట్టి లోపలికి రానియ్యనా?"

అక్క మంచం మీంచి వింటోంది. ఆమెకు కుక్కలంటే గిట్టదు. "నెత్తికెక్కించుకున్నవ్" అని నన్ను ఎన్నిసార్లు దెప్పిందో. ఆమె ముందు నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది.

"వద్దు ఖాలా, గట్లనే ఉండనీ. బుద్ధొస్తది" అన్నాను.

కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. కానీ అప్పుడు తెలియలేదు. ఆ తర్వాత ఖాలా ఎప్పుడు ఫోన్ చేసినా పొగడ్తలే. "నీ కుక్క మస్తు షరీఫ్. 'బస్, చాలు' అంటే బస్. గడప బయటనే కూసుంటది. నేను నమాజ్ చదువుతుంటే చెవి గూడ కదపది. లొల్లే లేదు." అక్కకు వినబడాలని స్పీకర్ పెట్టి మరీ విన్నాను. నేనే మెడల్ తెచ్చుకున్నంత పొంగిపోయాను.

తిరిగొచ్చిన రోజు అది ఖాలా ఇంటి ముందు నుంచి పరుగెత్తుకొచ్చి నన్ను పడదోసినంత పని చేసింది. నా చేతులన్నీ నాకింది. గల్లీ పొడుగునా నా కాళ్లకు అడ్డం పడుతూనే వచ్చింది. నేను తాళం తీసి లోపలికి వెళ్లాను. అది గడప దగ్గర ఆగి, బయటే కూర్చుంది.

"ఏయ్" అన్నాను. తోక ఊపింది గానీ లేవలేదు. మూలుగున్న నల్లిబొక్క తెచ్చి లోపల పెట్టాను. చొంగ కారింది గానీ గడప దాటలేదు. చివరికి ఎత్తుకొచ్చి మిషను కింద దింపాను. తప్పు చేసినదానిలా ఒళ్లంతా ముడుచుకుని, గోడవారగా నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు.

ఖాలా దగ్గరికి ఉరికాను. సూది అక్కడే వదిలేసి నాతో వచ్చింది. మా ఇంట్లో నిలబడి "ఆజా బేటా, ఆజా" అని పిలిచింది. అది ఆమెను చూసింది, గడపను చూసింది, అక్కడే పడుకుంది. ఖాలా దుపట్టాతో కళ్లు ఒత్తుకుంది.

"గడప దాటొద్దని నేర్పిన బేటీ. ఏ ఇంటి గడపో దానికెట్ల చెప్పాలె? గా దినం నువ్వు రానియ్యమంటే..." అని ఆగిపోయింది.

నెలలు గడిచాయి. చెప్పులు చెక్కుచెదరలేదు, మళ్లీ కొన్న టేపు కొన్నప్పటిలాగే ఉంది. మిషను ఎక్కడా ఆగడం లేదు, బ్లౌజులు చెప్పిన వేళకే ఇస్తున్నాను. కానీ పాదం మీద ఆ బరువు లేక నాకు పని మీద మనసు నిలవడం లేదు. అందుకే మిషనును గడప దగ్గరికి జరుపుకున్నాను. నేను ఇటు, అది అటు.

నిన్న మధ్యాహ్నం అస్తరు ముక్క ఒకటి కావాలనే దాని ముందుకు విసిరాను. నమిలితే బాగుండు, తిట్టొచ్చు అనుకున్నాను. అది వాసన చూసి, మెల్లగా నోట కరచుకుని, గడప మీద నా వైపుకు పెట్టి, వెనక్కి జరిగి కూర్చుంది.

ముక్కను తీసి వెలుతురుకు పట్టి చూశాను. పంటి గాటు ఒక్కటీ లేదు.