నేను ‘నార్మల్’ అన్నాను, వాళ్ళకు ‘ఆసుపత్రి’ అని వినపడింది

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ నిమిషానికీ లేదు. కాలాపేట రోడ్డులో నిలబడే తెల్లచీర ఆమె గురించి ఈ ఊళ్ళో వెయ్యిమంది చెప్పారు. ఆ దారిన నేను లక్షసార్లు పోయుంటాను. నాకు కనపడినవాళ్ళంతా బస్సు కోసం నిలబడ్డవాళ్ళే, అదీ మహా కోపంగా.

నా నమ్మకమంతా రక్తపరీక్ష రిపోర్టుల మీద. రెడ్డియార్‌పాళయంలో నా ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు పక్కనే ఒక ల్యాబ్ ఉంది. సూది గుచ్చేది వాళ్ళు, అర్థం చెప్పేది నేను. జనం డాక్టరు దగ్గరికి పోయే ముందు నా కొట్టు మెట్టెక్కి, “అన్నా, కొంచెం చూడు” అని కాగితం చేతికిస్తారు.

ఎడమవైపు కణం పేరు, మధ్యలో మీ అంకె, కుడివైపు ఉండాల్సిన హద్దులు. హద్దు దాటితే అంకె పక్కన నక్షత్రం పడుతుంది. నక్షత్రం లేకపోతే “నార్మల్” అంటాను. ఆ మాట నా నోట వింటేనే సగం జ్వరం దిగిపోయినవాళ్ళున్నారు. గొప్పలు కాదు, రిటైరైన కాంపౌండరు ఒకాయన కూడా నా దగ్గరికే వచ్చేవాడు.

పోయిన దీపావళి వానల్లో మా ఆవిడ వసంతకు డెంగీ వచ్చింది.

మా వీధిలో డెంగీ అంటే ఒకటే అంకె, ప్లేట్‌లెట్. క్రికెట్ స్కోరులాగా అడుగుతారు. పాలామె అడిగింది, కూరల బండివాడు అడిగాడు, నాకు బాకీ ఉండి ఏడాదిగా ముఖం చాటేసినవాడు కూడా వచ్చి అడిగాడు. బొప్పాయి ఆకు రసం గిన్నెలకు వంటింట్లో చోటు చాలక మేడ మెట్ల మీద వరస పెట్టాం. మొదటి రిపోర్టులో ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైచిలుకు ఉన్నాయి. డాక్టరు రెండు రోజులాగి మళ్ళీ పరీక్ష చేయించమన్నారు.

తర్వాత జ్వరం దిగింది. వసంత లేచి కూర్చుని, నేను వంటిల్లు ఉంచిన తీరుకు నన్ను తిట్టింది. ఇంకేం, నయమైపోయిందనుకున్నాను. సాయంత్రం కొత్త రిపోర్టు తెచ్చాను. ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు. తగ్గాయి గానీ, కింది హద్దు లక్షా యాభై. పై నుంచి కిందికి ఒక్క నక్షత్రం లేదు, మబ్బు పట్టిన ఆకాశం లాగా.

గదిలో మంచం మీద వసంత, పక్కన ఎదురింటి కన్నమ్మక్క, గుమ్మంలో ఆమె కొడుకు సెల్వం. సెల్వం ఆటో నడుపుతాడు. లాస్‌పేటలో ఉన్న మా చెల్లెలు రాజేశ్వరి “అన్న నోటితోనే వినాల, అప్పుడే నాకు నిద్ర పడతాది” అని పట్టుబట్టిందట. అందుకని వాయిస్ మెసేజ్ కోసం సెల్వం ఫోను నా ముందర పెట్టాడు. నేను గొంతు సవరించుకున్నాను.

“అంతా నార్మల్. మిరియాల రసం పెట్టండి” అన్నాను.

ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. కావాలంటే కోర్టులో చెప్తాను.

కన్నమ్మక్క లేచి నిలబడింది. “అయ్యో, ఇప్పుడేనా!” సెల్వం ఫోను జేబులో వేసుకుని ఆటో తీయడానికి వానలోకి పరిగెత్తాడు.

“ఏందక్కా, యాడికి?” అన్నాను.

“నువ్వే గదా అంటివి, రక్తం చిక్కబడింది, ఇప్పుడే ఆసుపత్రికి పదండి అని!”

“నేనా? నేను రసం గదా అన్నాను!”

“వీధంతా వినపడేట్టు అరిచి, ఇప్పుడు రసమంటాండావా?” అంది వసంత. “నా చెప్పులు యాడ?”

వాదించాను, ఓడిపోయాను. మా ఇంట్లో అది వింత కాదు. కానీ మంచం దిగడానికి వసంత నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి ఐసుగడ్డలాగా ఉంది. చెప్పులు నేనే వెతికి తెచ్చాను.

ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టింది. ఒక్క నక్షత్రమూ లేదని నేను చెప్పుకున్నాను. ఆమె ప్లేట్‌లెట్ వైపు చూడనే లేదు. నేను జన్మలో ఎవరికీ చదివి చెప్పని వరస మీద వేలు పెట్టింది. పీసీవీ. రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పే అంకె అది. మొదటి రిపోర్టులో ముప్పై ఆరు, ఇప్పుడు నలభై నాలుగు. ఆడవాళ్ళకు నలభై ఆరు దాకా నార్మలే.

“ఈ హద్దులు ఊరందరివి సార్. ఈమెకు మాత్రం ఈమె మొన్నటి అంకెతోనే పోల్చాలి. డెంగీలో జ్వరం దిగే వేళే భయం. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఇంట్లోనే ఉండుంటే...” అని ఆపి, సెలైన్ పెట్టమని నర్సుకు చెప్పింది. తర్వాత నావైపు తిరిగింది. “మీకెట్లా తెలిసింది?”

నా బదులు కన్నమ్మక్క చెప్పింది. “మా తమ్ముడికి తెలీని రిపోర్టు లేదమ్మా.”

ప్లేట్‌లెట్లు ఆ తర్వాతే పడ్డాయి, మళ్ళీ లేచాయి. వసంత తన కాళ్ళ మీద నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. అంత గర్వంగా నేను నా పెళ్ళిలో కూడా నడవలేదు.

ఆ వారమే రాజేశ్వరి వచ్చి నన్ను నిలదీసింది. “ఏందన్నా నువ్వు? నాకు రసమని పంపిస్తివి, వదినను ఆసుపత్రిలో పెడితివి!”

సెల్వం ఫోనులో అందరం కలిసి విన్నాం. నా గొంతు: “అంతా నార్మల్. మిరియాల రసం పెట్టండి.” తర్వాత వాన చప్పుడు, ఫ్యాను చప్పుడు. ఇంకే గొంతూ లేదు. ఆ వెనకనే కన్నమ్మక్క: “అయ్యో, ఇప్పుడేనా!”

నేనన్నదే నిజమని తేలింది. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషిని, అక్కడే కూర్చుండిపోయాను. వసంత ఇంకోసారి పెట్టమంది. విన్నాక లేచి వంటింట్లోకి పోయింది. కన్నమ్మక్క ఇప్పటికీ కొడుకు మీద ఒట్టేసి చెప్తుంది, అది నా గొంతేనని.

వసంత ఒళ్ళు చల్లబడటం చూసి భయపడి వాళ్ళే ఊహించుకున్నారంటారా? అదీ ఆలోచించాను. కానీ ముగ్గురికీ ఒకే మాట ఎట్లా వినపడింది? రక్తం చిక్కబడుతుందన్న సంగతి ఆ గదిలో ఎవరికీ తెలీదు, నాతో సహా.

జరిగింది జరిగినట్టు వీధిలో అందరికీ చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. పైగా “పెళ్ళాం ప్రాణం కాపాడి కూడా చెప్పుకోడు, ఎంత అణకువో!” అంటున్నారు. అణకువ అన్న మాట నా పేరు పక్కన పడటం ఈ జన్మలో ఇదే మొదలు. కాదనడం మానేశాను.

ఆ సాయంత్రం నా గొంతుతో అరిచింది ఎవరో నాకు తెలీదు. తెలుసుకునే దారీ కనపడదు.

ఇప్పుడు కొట్టు ముందు జనం రెట్టింపయ్యారు. రిపోర్టు ఇవ్వగానే “పాతది యాడ?” అంటాను. రెండూ పక్కపక్కన పెట్టి ప్రతి వరసా చూసి, డాక్టరుకు కూడా చూపించమని చెప్పి, అప్పుడు “నార్మల్” అంటాను. కాగితం మాత్రం వెంటనే వదలను.

“ఇప్పుడు నేనేమన్నాను?” అని అడుగుతాను.

“నార్మల్ అన్నావన్నా” అంటేనే చేతికిస్తాను.