పొట్టుతో వచ్చిన కాఫీ

మా నాచారం సందు మొదట్లో కొత్త దుకాణం పెట్టారు. అక్కడ కాఫీ గింజలు వేయించే వాసన వస్తే నాకు మా చర్చి పాత రేకుల మందిరం, అందులో కోత పండుగ గుర్తుకొస్తాయి. చలికాలపు ఎండలో గుమ్మడికాయలు, పెసలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఎవరికి దేవుడిచ్చింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టేవాళ్లు. ఆరాధన అయ్యాక సంఘమంతా వేలం పాడి కొనుక్కునేది.

ఒక ఏడు అరకు కొండల నుంచి సోమన్న వచ్చాడు. నాన్న సువార్త పని మీద అక్కడికి వెళ్లినప్పుడు స్నేహితుడయ్యాడు. వాళ్ల ఊళ్లో కాఫీ పళ్లు చెట్టు మీద ఉండగానే వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చేసేవారు. ఆ ఏడు మాత్రం సోమన్న తానే పళ్లు కోసి, తోలు ఒలిచి, రాత్రంతా నానబెట్టి, జిగురు పోయేదాకా కడిగి, చాపల మీద ఎండబెట్టి, ఒక మూట రైల్లో తెచ్చాడు.

"ఈ మూట అమ్ముడుపోకపోతే మళ్లీ చెట్టు మీదే ఇచ్చీడమేనమ్మా," అన్నాడు మా అమ్మతో.

ఎండబెట్టడంతో పనైపోయిందని ఆయన అనుకున్నాడు; కాఫీ అంటే ఇలాగే ఉంటుందని మేం అనుకున్నాం. రుచి చూపిద్దామని అమ్మ గుప్పెడు గింజలు వేయించి, నూరి, మరిగించింది. పైపొట్టు మాడి మందిరమంతా పొగ.

"ఏందక్కా, కాఫీ అన్నవు, గడ్డి కాలవెట్టి పోసినవా?" అన్నాడు సంఘ పెద్ద రత్నం మామ. అందరూ నవ్వారు. సోమన్న నవ్వలేదు, మూట మూతి కట్టడం మొదలుపెట్టాడు.

అమ్మ ఒక గింజను గోటితో గీకింది. పెళుసు పొట్టు ఊడి లోపల పచ్చటి గింజ కనబడింది.

"జర ఆగన్నా. వడ్లకున్నట్టు దీనికీ పొట్టున్నది. దంచుదాం పట్టుండ్రి," అంది.

మందిరం వెనక కారం దంచే రోలును ఘాటు పోయేదాకా కడిగారు. పండుగ చీరల కొంగులు దోపుకొని, కీర్తన అందుకొని, గింజ చితకకుండా ఒకరి తర్వాత ఒకరు మెల్లగా దంచారు. చేటల్లో చెరుగుతుంటే పొట్టు ఎగిరి మా పిల్లల నెత్తిన రాలింది. ఈసారి వేయిస్తే వచ్చిన వాసనకు రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగారు. మొదటి గ్లాసు అమ్మ సోమన్నకే ఇచ్చింది. అన్నేళ్లుగా కాఫీ పండిస్తూ ఆయన కాఫీ తాగడం అదే మొదలు.

"ఇది నా తోటలోదేనేటి?" అన్నాడు.

"నీదే! వేలం పాట మాత్రం నాది," అన్నాడు రత్నం మామ. మూటను ఇంటింటికీ పంచుకొని, డబ్బు సోమన్న చేతిలో పెట్టారు. మరుసటేడు సోమన్న పొరుగువాళ్లు కూడా పళ్లు చెట్టు మీద అమ్మలేదు.

ఇప్పుడు మందిరానికి స్లాబు పడింది. వేలం లేదు, కానుకలు ఫోన్లోనే వేస్తున్నారు. ఆరాధన కాగానే ఎవరి బండి వాళ్లు తీసి మేడిపల్లికో పీర్జాదిగూడకో వెళ్లిపోతారు. అమ్మ ప్రభువు దగ్గర ఉంది. సోమన్న ఊళ్లో పొట్టు తీసే మిషను పెట్టుకున్నారు. మొన్న ఆయన కోడలు ఫోన్ చేసింది. "పొద్దున్నే మా కాఫీ మాకు పడకపోతే, తోటకెళ్లడానికి కాలు కదలదండీ," అంది.

ఫోన్లోనే స్తోత్రం చెప్పాను.